ఖాళీ చేతుల వనభోజనం

మా అబ్బాయి ఉండే అపార్టుమెంటు వాళ్లు కిందటి కార్తీకంలో వనభోజనాలకి ఒక కొత్త షరతు పెట్టారు. రిసార్టు గేటు దగ్గర ఒక బల్ల, బల్ల మీద ఒక పెట్టె. వచ్చినవాళ్లంతా ఫోన్లు అందులో వేసి, టోకెను తీసుకుని లోపలికి వెళ్లాలి. సాయంత్రం దాకా ఫోను ఊసు లేకుండా చెట్ల కింద నలుగురితో గడపాలి. దీనికి డిజిటల్ డిటాక్స్ అని పేరు. ఈ కబురు అందరికీ చేరవేసింది మాత్రం వాట్సాప్‌లోనే.

నేనూ వెళ్లాను. మొదటి గంట అందరూ ఒకరినొకరు చూసి నవ్వుకున్నారు. రెండో గంటలో కొందరి చేతులు తెలియకుండానే ఖాళీ జేబుల్లోకి పోయి తిరిగొచ్చాయి. చేతులు కట్టుకున్నారు, విప్పుకున్నారు, మళ్లీ కట్టుకున్నారు. కేటరింగు వాళ్లు కుర్చీలు వేశారు, యాంకరమ్మ మైకులో ఆటలు ఆడించింది, కుర్రాళ్లు ట్రేల్లో రంగునీళ్లు తిప్పారు. మనం చేయడానికి మిగిలిన పని నమలడం ఒక్కటే. పన్నెండయ్యేసరికి ఒకాయనకి ఆఫీసు కాల్ గుర్తొచ్చింది. ఒకావిడకి ఇంటి దగ్గర వదిలొచ్చిన కుక్క గుర్తొచ్చింది. వడ్డన మొదలయ్యే వేళకి బఫే దగ్గర వరస కంటే టోకెన్ల దగ్గర వరస పొడుగ్గా ఉంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సంతా ఫోన్‌నే తిట్టిపోసింది. ఫోను చూసుకుంటూనే తిట్టారనుకోండి, అది వేరే సంగతి. నాకు ఫోను మీద ప్రేమేమీ లేదు. అయినా ఈ ఒక్క విషయంలో దాని తరఫున వకాల్తా పుచ్చుకోక తప్పడం లేదు. పొద్దుటి పూటంతా ఫోన్లు పెట్టెలోనే ఉన్నాయి కదా, మరి అప్పుడు మాటలెందుకు రాలేదు? చేతికి పని లేనివాడు ఏదో ఒకటి పట్టుకుంటాడు. మా తాతల కాలంలో చుట్ట పట్టుకున్నాడు, మా నాన్నల కాలంలో పేకముక్క పట్టుకున్నాడు, ఇప్పుడు ఫోను పట్టుకుంటున్నాడు. మనం వనభోజనంలోంచి పనంతా తీసేశాం. ఖాళీ అయిన చేతుల్లోకి ఫోను వచ్చింది. ఇప్పుడు దాన్నీ లాక్కుని, ఇక ఆనందించండి అంటున్నాం.

మా రోజుల్లో ఇలా కాదు. ఈ మాట అనగానే మా మనవడు చెవుల్లో ఏవో తెల్ల ముక్కలు దూర్చుకుంటాడు. దూర్చుకోనివ్వండి, మీరు వినండి.

1970ల్లో నేను రాజమండ్రిలో గుమాస్తాగిరీ వెలగబెడుతున్నప్పుడు, మా ఆఫీసులో వనభోజనం కబురు శుక్రవారం సాయంత్రం నోటిమాటగా తిరిగేది. “ఆదివారం పొద్దున్న ఆరింటికి, కోటిపల్లి బస్టాండు దగ్గర.” అంతే. ఓటింగు లేదు, లొకేషన్ లేదు, ‘ఆన్ ద వే’ లేదు. ఆరింటికన్నవాడు ఆరింటికి అక్కడుండేవాడు. మేమేదో హరిశ్చంద్రుడి వంశం వాళ్లమని కాదు, రాలేనని చెప్పడానికి దారి లేక. ఆఫీసు మొత్తానికి ఒకటే ఫోను, అదీ ఆఫీసరుగారి గదిలో. తనకోసం పదిమంది రోడ్డు మీద నిలబడతారని తెలుసు గనక, ఒంట్లో బాగోలేనివాడు కూడా మఫ్లరు చుట్టుకుని వచ్చి, “నాకు జ్వరంరా” అని చెప్పేవాడు. వచ్చినవాణ్ణి వెళ్లనిచ్చేదెవరు? బండెక్కించి, తోటలో చెట్టు కింద పడుకోబెట్టి, మిరియాల చారు పోసేవాళ్లం. ఇప్పుడైతే బయల్దేరే ముందు ఒక దణ్ణం పెట్టే బొమ్మ, పక్కన ‘సారీ ఆల్’. పనైపోయింది. రాకపోవడం ఇంత సులువయ్యాక, వచ్చేవాడే వెర్రివాడిలా కనబడుతున్నాడు.

గుండిగలు, గరిటెలు, బియ్యం బస్తా ఒంటెద్దు బండి మీద. మనుషులు సైకిళ్ల మీద. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించిన పుణ్యాన ఆ కాలువ గట్ల మీద నీడకి కొదవ లేదు. ఇప్పుడు నర్సరీలకి పేరుపడ్డ కడియం వైపే మా హెడ్ గుమాస్తాగారి చుట్టాల మామిడితోట. ఊళ్లో తోటలు చాలా ఉండగా అదే ఎందుకంటే, దాని చివర కాపుకొచ్చిన ఉసిరి చెట్టు ఒకటుంది. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద సాలగ్రామం పెట్టి పూజ చేసి, అక్కడే వండుకు తినాలని కార్తీక పురాణం మాట. మా క్యాషియరు నాస్తికుడు. ఆయనా వచ్చేవాడు. “దేవుడి సంగతి నాకు తెలీదు గానీ, ఉసిరికాయ కొరికి నీళ్లు తాగితే తియ్యగా ఉంటాయి, అది మాత్రం ప్రత్యక్షం” అనేవాడు. మొన్నటి రిసార్టులో ఉసిరి చెట్టు లేదు. ఈవెంటు వాళ్లు ఎక్కడినుంచో ఒక కొమ్మ నరికి తెచ్చి, డ్రమ్ములో ఇసక పోసి నిలబెట్టి, చుట్టూ సీరియల్ లైట్లు చుట్టారు. దానిముందు నిలబడి అందరూ సెల్ఫీ దిగుదామనుకున్నారు. ఫోన్లు పెట్టెలో ఉన్నాయాయె.

తోటలో దిగగానే పనులు పంచేది మా ఆఫీసు జవాను. అది ఆయన రాజ్యం. ముందు గాడిపొయ్యి. గాలివాలు చూసి బారెడు పొడుగున తవ్వాలి. వాలు తప్పితే మంట ఒకవైపు, పొగ మన ముఖాన. ఆ తర్వాత గుండిగల అడుగుకి తడిమట్టి మెత్తాలి, లేకపోతే సాయంత్రం మసి తోమలేక చావాలి. ఇద్దరు ఎండుపుల్లలు ఏరాలి, ఇద్దరు నీళ్లు మోయాలి, ఇద్దరు అరటాకులు కోసి తుడవాలి. వంకాయలు తరిగేవాళ్లు ముక్కలు ఎప్పటికప్పుడు ఉప్పునీళ్లలో వేయకపోతే కనరెక్కుతాయి. కొబ్బరి కోరేవాడు కోరుతూ ఉంటే తినేవాడు తింటూ ఉంటాడు గనక, కాపలాకి ఇంకొకడు.

అన్నిటికంటే గొప్ప పదవి కంద చెక్కడం. కార్తీక వనభోజనంలో ఆవ పెట్టిన కందా బచ్చలి కూర లేకపోతే మా గోదావరి వాళ్లకి అది భోజనం కిందే లెక్క కాదు. కందలో కాల్షియం ఆక్సలేటు అని సన్నటి సూదిమొనల స్ఫటికాలుంటాయి. చర్మానికి తగిలితే దురదే దురద. చేతికి నూనె రాసుకుని చెక్కాలి, చింతపండు పులుసు దగ్గర పెట్టుకోవాలి. ఈ రహస్యం తెలియని కొత్త ఉద్యోగికి ఆ పని అప్పగించడం మా ఆఫీసు ఆనవాయితీ. వాడు గోక్కుంటూ గెంతుతుంటే చూసి నవ్వి, ఆ తర్వాత చింతపండు ఇచ్చేవాళ్లం. ఆ సాయంత్రానికి వాడు మావాడైపోయేవాడు. ఇప్పుడు కంపెనీల్లో దీనికి టీమ్ బిల్డింగ్ అని పేరు పెట్టి, బయటినుంచి మనిషిని పిలిపించి, డబ్బిచ్చి చేయిస్తున్నారట. మాకు ఒక కంద దుంప ఖర్చుతో అయ్యేది.

ఆఫీసులో తల పైకెత్తి మాట్లాడని హెడ్ గుమాస్తాగారు బనీనుతో పొయ్యి ముందు చతికిలబడి ఊదుగొట్టం ఊదుతుంటే, జవాను వెనక నిలబడి “అలా కాదండీ, పుల్లలకి సందివ్వండి, మంటకి ఊపిరాడాలి కదండీ” అని పాఠం చెప్పేవాడు. ఆయన బుద్ధిగా సర్దేవాడు. సోమవారం మళ్లీ ఎవరి కుర్చీ వాళ్లదే, కాదనను. కానీ సోమవారం నుంచి ఆయన కాఫీ తెప్పించుకుంటే జవానుకి కూడా తెప్పించేవాడు.

అన్ని చోట్లా ఇలాగే సాగిందని చెబితే కళ్లు పోతాయి. ఊళ్లలో ఎవరి పంక్తి వాళ్లది, ఎవరి తోట వాళ్లది. కొందరిని తోట గట్టు దాటి రానివ్వని వనభోజనాలు కూడా ఆ కాలానివే. ఆ ముచ్చట మాత్రం పోయి ఉంటే బాగుండేది. అది పోకపోగా ఫ్లెక్సీలకెక్కింది. ఫలానా కులస్థుల కార్తీక వన సమారాధన అని నాలుగు రోడ్ల కూడలిలో నాయకుల ఫోటోలతో కడుతున్నారు. పాతవాటిలో దేన్ని దాచుకోవాలో దాన్ని పారేసి, దేన్ని పారేయాలో దాన్ని పటం కట్టించుకున్నాం.

అసలు సంగతికొస్తాను. ఇద్దరు మగాళ్లని ఎదురెదురుగా కుర్చీల్లో కూర్చోబెట్టి ‘మనసు విప్పి మాట్లాడుకోండి’ అంటే ఏం మాట్లాడతారు? ఎండలు, ఎన్నికలు, మోకాళ్ల నొప్పులు. అదే ఇద్దరి మధ్యా చిక్కుళ్ల బుట్ట పెట్టండి. కళ్లు చిక్కుడు ఈనె మీద ఉంటాయి, ఎదుటివాడి ముఖంలోకి చూడక్కర్లేదు, అప్పుడు మాట దానంతటదే జారుతుంది. మా టైపిస్టు కూతురి పెళ్లి పీటలదాకా వచ్చి ఆగిన సంగతి ఆఫీసులో నెలల తరబడి ఎవరికీ తెలీదు. చామదుంపలు ఒలుస్తూ చెప్పాడు. అడిగింది మేం కాదు. ఒలుస్తున్నవాళ్లెవరూ తలెత్తలేదు. దుంపలు అయిపోయేసరికి తలో నూరూ సర్దుదామని నిర్ణయం కూడా అయిపోయింది. ఆ మధ్యాహ్నమే అతను మామిడిచెట్టుకి ఆనుకుని, తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లోంచి పద్యాలందుకుంటే, హార్మోనియం లేకపోయినా ఊళ్లోంచి పశువుల కాపర్లొచ్చి చుట్టూ చేరారు.

మా రోజుల్లో యంత్రాలు లేవనీ, మేమంతా మునులమనీ అనుకోకండి. మా అకౌంటెంటు ఎక్కడికెళ్లినా చంకన ట్రాన్సిస్టరు ఉండేది. టెస్టు మ్యాచి ఉంటే కామెంటరీ మోగాల్సిందే. అయితే ఆ రేడియో ఒక్కటే, చెవులు అందరివీ. గవాస్కర్ కొట్టిన ఫోరు గాడిపొయ్యి దాకా వినబడేది, అవుటైతే గరిటె ఆగేది. కెమెరా కూడా ఉండేది, ఆగ్ఫా క్లిక్ త్రీ అని. రీలుకి 12 ఫోటోలు. తీయించుకునేవాళ్లం అంతకు రెట్టింపు. కాబట్టి ఒక్కో ఫోటోలో అందరూ ఇరుక్కుని నిలబడాలి, పొడుగువాళ్లు వంగాలి, పిల్లలు ఒళ్లోకి రావాలి. ఫలితం చూడాలంటే స్టూడియో వాడు కడిగి ఇచ్చేదాకా ఆగాలి. ఇప్పుడు ఒక్కొక్కరి ఫోన్లో వేల ఫోటోలు, అన్నిట్లోనూ ఒక్కరే.

వనభోజనానికి మొదటి గండి ఫోను కొట్టలేదు, టీవీ కొట్టింది. 1987లో దూరదర్శన్‌లో రామాయణం సీరియల్ మొదలైంది. ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నరకి వీధుల్లో కాకి కూడా ఎగిరేది కాదు. ఆ ఏడు మా ప్రయాణం ఆరింటి నుంచి పదిన్నరకి జరిగింది. రాముడు అడవికి వెళ్లడం చూడ్డానికి మేం తోటకి వెళ్లడం మానుకున్నామన్నమాట. పదిన్నరకి బయల్దేరినవాడు గాడిపొయ్యి ఎప్పుడు తవ్వుతాడు? ఎవరో అన్నారు, వంటవాణ్ణి పెట్టేస్తే పోలేదా అని. పెట్టేశాం. మరుసటి ఏడు వంట ఊళ్లోనే చేయించి క్యారేజీల్లో తెచ్చాం. ఆ తర్వాత తోట దూరమనిపించింది. చేతులు అప్పుడే ఖాళీ అయ్యాయి. 1995లో కలకత్తాలో జ్యోతిబసు చేసిన కాల్‌తో ఈ దేశంలోకి సెల్‌ఫోను దిగేనాటికి, అది కూర్చోవడానికి మనం చోటు ఊడ్చి ముగ్గు కూడా పెట్టి ఉంచాం. మొదట్లో వచ్చిన కాల్ ఎత్తినా డబ్బు పడేది గనక అది మర్యాదగా జేబులో ఉండేది. డేటా చవకయ్యాక ఇక దానికి అడ్డెవరు?

ఇంతవరకూ రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. “మహా చెప్పొచ్చారు,” అంది. “మీరు ఏడాదికొక్కరోజు రెండు వంకాయలు తరిగి యాభై ఏళ్లుగా చెప్పుకుంటున్నారు. మిగతా రోజులన్నీ ఆ పొగలో ఉన్నది మేం. కుటుంబాలతో వెళ్లిన వనభోజనాల్లో మీరు చాపేసుకుని పేకాడుతుంటే, అక్కడా పొయ్యి దగ్గర మేమే. కేటరింగు వచ్చాకే నేను చెట్టుకింద కూర్చుని వేడన్నం తిన్నాను. దాని జోలికి రాకండి.” దీనికి ఎదురు చెప్పగల మగాడు ఇంకా పుట్టలేదు. కానీ ఒక్క సంగతి. ఆవిడ అడిగింది పని పంచమని. మనం పంచకుండా, మొత్తానికే డబ్బిచ్చి వదిలించుకుని, అదే సమానత్వం అనుకున్నాం.

పని పంచుకుంటే ఏమవుతుందో అమెరికాలో తెలుగువాళ్లని చూస్తే తెలుస్తుంది. అక్కడి తెలుగు సంఘాలు కూడా వనభోజనాలు పెట్టుకుంటాయి. కార్తీకానికి చాలాచోట్ల చలి ముదురుతుంది గనక వేసవిలోనే పార్కుల్లో కానిచ్చేస్తారు. మా అమ్మాయి వాళ్ల ఊళ్లో చూశాను. కూలికి మనిషిని పెట్టుకునే స్తోమత ఎవరికీ లేదు కాబట్టి డాక్టరూ ఇంజినీరూ పక్కపక్కన నిలబడి మిరపకాయ బజ్జీలు వేస్తున్నారు. శనగపిండి చేతులు. ఫోన్లు ఎక్కడో కార్లలో మోగుతున్నాయి. ఎవరూ ఏ పెట్టెలోనూ వేయించలేదు.

మన పక్కనే ఇంకొకటుంది. మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా మోహిత్యాంచే వడ్‌గావ్ అనే పల్లెలో 2022 నుంచి సాయంత్రం ఏడింటికి సైరన్ మోగిస్తున్నారు. టీవీలూ ఫోన్లూ ఆపేయాలి. ఎనిమిదిన్నరకి మళ్లీ సైరన్. ఆ గంటన్నరలో పిల్లలు పుస్తకాలు తీస్తారు, పెద్దవాళ్లు ఒకరితో ఒకరు కబుర్లలో పడతారు. మనవాళ్లు ఇందులో సైరన్ ఒక్కటే చూశారు. ఆ ఊరు ఫోను ఆపమనడంతో ఊరుకోలేదు, ఆపాక ఏం చేయాలో కూడా చెప్పింది. పైగా అది రోజూ జరిగే పని. మనమేమో ఏడాది పొడుగునా దీపం పెట్టనివాళ్లు పౌర్ణమినాడు 365 వత్తులు కలిపి ఒక్కసారి వెలిగించినట్టు, ఒక్క ఆదివారం ఫోను పెట్టెలో పడేసి ఏడాది లెక్క సరిచేద్దామనుకుంటున్నాం. వత్తులు వెలిగించినవాళ్లకి పుణ్యమైనా వస్తుందేమో, మనకి వచ్చింది రిసార్టు బిల్లు.

మా మనవడి వాదన కూడా వినాలి. “తాతయ్యా, నా ఫ్రెండ్స్ ఫోన్లోనే ఉన్నారు. ఇక్కడ ఉన్నవాళ్లెవరో నాకు తెలీదు,” అన్నాడు. నిజమే. పదో అంతస్తువాడికి తొమ్మిదో అంతస్తువాడు తెలిసేది లిఫ్టులోనే, అక్కడా ఇద్దరూ ఫోనే చూస్తారు. సరే, రారా అని వాణ్ణీ ఇంకో నలుగురు పిల్లల్నీ రిసార్టు వెనక్కి తీసుకెళ్లి మూడు రాళ్లు పేర్చించాను. పుల్లలు ఏరుకొచ్చారు. అంటించడం రాక ఒకడి మీద ఒకడు అరుచుకున్నారు, పేర్లు తెలియాల్సి వచ్చింది, తెలుసుకున్నారు. ఇంతలో ఈలేసుకుంటూ సెక్యూరిటీ వచ్చాడు. ఇక్కడ మంట పెట్టకూడదు, కొమ్మ ముట్టుకోకూడదు, గడ్డిలో నడవకూడదు అన్నాడు. బోర్డు కూడా ఉంది, నాలుగు భాషల్లో. వనమూ ఉంది, భోజనమూ ఉంది, ఆ రెంటికీ మధ్య మనిషి చేయాల్సిన పనికి మాత్రం అనుమతి లేదు.

అంచేత అపార్టుమెంటు సంఘం వారికి రాతపూర్వకంగా ఒక మనవి ఇచ్చాను. రాబోయే కార్తీకంలో నన్ను పిలవాలంటే రిసార్టు వద్దు. ఊరవతల ఉసిరి చెట్టున్న తోట ఏదో నేనే వెతుకుతాను. కేటరింగు వద్దు, యాంకరు వద్దు, డ్రమ్ములో కొమ్మ వద్దు. పొయ్యి పని మగాళ్లది. నీళ్లు మోసేది జిమ్ముకి డబ్బులు కట్టేవాళ్లు. గుండిగలు తోమేది సంఘం కార్యవర్గం. ఆడవాళ్లు చాపల మీద కూర్చుని ఉప్పు ఎక్కువైందని వంకలు పెడతారు, మా ఆవిడ అధ్యక్షత వహిస్తుంది. కార్యదర్శిగారు చదివి, అంతా బాగానే ఉంది గానీ ఫోన్ల పెట్టె సంగతి రాయలేదేం అని అడిగారు. పెట్టె అక్కర్లేదన్నాను. ఎవరి ఫోన్లు వాళ్లు నిక్షేపంగా తెచ్చుకోవచ్చు. పొద్దున్నే తలా ఒక కంద దుంప చేతిలో పెడతాను. ఆ చేత్తో ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకునే మొనగాడెవడో నేనూ చూస్తాను.